కీమో నడుస్తుండగా కషాయాలు, పసర్లు, క్యాప్సూళ్లు: ఏది తీసుకోవచ్చు, ఏది ఆపాలి

ఇంట్లో ఒకరికి కీమో మొదలైందంటే చాలు, రెండో వారానికల్లా ఫ్రిజ్‌లో బొప్పాయి ఆకు రసం, పొయ్యి మీద తిప్పతీగ కషాయం, బీరువాలో ఆన్‌లైన్‌లో తెప్పించిన పసుపు క్యాప్సూళ్లు చేరిపోతాయి. తెచ్చేవాళ్లంతా ప్రేమతోనే తెస్తారు. "కీమో వేడి చేస్తుంది, ఇది చలవ", "ఇది తాగితే కిడ్నీలు పాడవ్వవంట", "ఏం కాదులేప్పా, ఆకే గదా." మన తిరుపతి, చిత్తూరు వైపు ఈ నమ్మకం ఇంకాస్త ఎక్కువ. పక్కనే శేషాచలం కొండలు, ఎముక విరిగితే పుత్తూరు కట్టు, కామెర్లొస్తే నేల ఉసిరి నూరిచ్చే పెద్దవాళ్లు ఊరికొకరు. నేను ఫార్మసీ కాలేజీలో పాఠాలు చెప్తాను, ఈ మొక్కల మీద పిల్లల చేత ప్రయోగాలు చేయిస్తాను, కాబట్టి మొక్కలంటే నాకు చిన్నచూపు లేదు. నా మాటల్లా ఒకటే: కీమో నుంచి కిడ్నీనో గుండెనో కాపాడుతుందని చెప్పే ప్రతి మొక్క దగ్గరా, అది కణితిని కూడా కాపాడుతుందేమో అని అడగాలి. ఆ ప్రశ్నకు జవాబు లేని సీసా ఏదైనా సరే, కీమో అయ్యేదాకా మూత తీయకండి.

ముందు మందు పేరు తెలుసుకోండి

కీమో అంటే ఒక మందు కాదు. సిస్‌ప్లాటిన్ కిడ్నీలకూ చెవులకూ, డాక్సోరుబిసిన్ గుండెకూ, సైక్లోఫాస్ఫమైడ్ మూత్రాశయానికీ, పాక్లిటాక్సెల్ వేళ్ల చివర నరాలకూ, ఐరినోటెకాన్ పేగులకూ చేటు చేస్తాయి. అందుకే "కీమో సైడ్ ఎఫెక్టులు తగ్గించే ఆకు" అని ఎవరైనా అంటే "ఏ మందుకి?" అని అడగండి. చెప్పేవాళ్ల దగ్గర సాధారణంగా జవాబు ఉండదు, ఎందుకంటే వాళ్లకు మీ మందు పేరే తెలియదు, చాలాసార్లు మనకూ తెలియదు, "ఎర్ర మందు ఎక్కించారు" అంటాం అంతే. ఎర్ర మందంటే మామూలుగా డాక్సోరుబిసిన్.

డేకేర్ నుంచి బయటికొచ్చేటప్పుడు ఇచ్చే కాగితంలో మందు పేరు, మోతాదు, ఎన్నో సైకిల్ (కీమో విడత) అన్నది రాసి ఉంటుంది. దాన్ని ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. మన దగ్గర చాలామంది వెల్లూరు సీఎంసీలో చూపించుకుని, సైకిళ్లు మాత్రం ఇంటికి దగ్గరని తిరుపతిలో స్విమ్స్‌లోనో, 2022లో అలిపిరి దగ్గర మొదలైన టాటా క్యాన్సర్ ఆసుపత్రిలోనో వేయించుకుంటారు. అప్పుడు ఫైళ్లు రెండవుతాయి. ఇక్కడి డాక్టరుకు అక్కడ రాసిన మాత్ర తెలియదు, ఇంట్లో కాచే కషాయం ఇద్దరికీ తెలియదు. కాబట్టి ఒక తెల్ల కాగితం మీద ఇంగ్లీషు మందులు, ఆయుర్వేదం, హోమియో, పొడులు, టీలు అన్నీ ఒకే వరసలో, ఎప్పుడు మొదలుపెట్టారో తేదీతో రాసి, ఆ కాగితం రెండు ఫైళ్లలోనూ పెట్టండి. ఈ మొత్తంలో మీరు చేయగలిగిన అతి ఉపయోగమైన పని ఇదే.

ఎలుకల్లో కిడ్నీని కాపాడిన ఆకు

"సైంటిఫిక్‌గా ప్రూవ్ అయింది" అంటూ ఫోన్లలో తిరిగే మెసేజ్‌లకు మూలం ఎక్కువగా మాలాంటి కాలేజీల్లో జరిగే పనే. అదెలా జరుగుతుందో ఒక్కసారి చూస్తే సగం సందేహాలు వాటంతటవే తీరిపోతాయి.

ఆకును నీడలో ఆరబెట్టి, పొడి కొట్టి, థింబుల్ అనే గుడ్డలాంటి గొట్టంలో నింపి, సాక్స్‌లెట్ అనే గాజు పరికరంలో పెడతాం. కింద ఫ్లాస్కులో ఇథనాలో మిథనాలో మరుగుతుంటుంది. ఆవిరి పైకెళ్లి చల్లబడి పొడి మీద చుక్కచుక్కగా పడుతుంది, గొట్టం నిండగానే పచ్చటి ద్రవం మొత్తం ఒక్క గుటకలో కిందికి దిగిపోతుంది, మళ్లీ నిండుతుంది, మళ్లీ దిగుతుంది. రంగు తేలిపోయేదాకా గంటల తరబడి ఇదే పని. తర్వాత ఆల్కహాలును ఆవిరి చేసేస్తే అడుగున నల్లటి జిగురు ముద్ద మిగులుతుంది. పేపర్లలో "ఎక్స్‌ట్రాక్ట్" అని రాసేది దీన్నే. ఈ ముద్దను సన్నటి జిగురు నీళ్లలో కలిపి, ఎలుక బరువులో కిలోకి 200 లేదా 400 మిల్లీగ్రాముల లెక్కన గొంతులోకి మొన లేని సూదితో ఇస్తారు. కొన్ని రోజులు అలా ఇచ్చాక పొట్టలోకి సిస్‌ప్లాటిన్ ఒక ఇంజెక్షన్. కొద్దిరోజులు ఆగి రక్తం తీసి కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్, యూరియా చూస్తారు, కిడ్నీని పల్చగా కోసి మైక్రోస్కోప్ కింద పెడతారు. ఎక్స్‌ట్రాక్ట్ పుచ్చుకున్న ఎలుకల్లో క్రియాటినిన్ తక్కువ ఉంటే "కిడ్నీని కాపాడింది" అని రాస్తారు. అది అబద్ధం కాదు. ఆ ఎలుకల్లో కాపాడింది, నిజమే.

కానీ ఆ ఎలుకలకు క్యాన్సర్ లేదు.

చాలా ప్రయోగాల్లో సంగతి ఇంతే, ఆరోగ్యంగా ఉన్న ఎలుకకు కీమో మందు ఇస్తారు. కిడ్నీ కణానికి తగలాల్సిన దెబ్బ తగ్గిందని తెలుస్తుంది, కణితి కణానికి తగలాల్సిన దెబ్బ తగ్గిందో లేదో తెలియదు, ఎందుకంటే కణితే లేదు. సిస్‌ప్లాటిన్, డాక్సోరుబిసిన్ లాంటివి కణాల్లో వాటినే దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్‌ను కూడా పుట్టిస్తాయి, మొక్కల్లోని యాంటీ ఆక్సిడెంట్లు వాటిని ఆర్పేస్తాయి. అయితే ఆ యాంటీ ఆక్సిడెంటు రక్తంలో తిరుగుతూ "ఇది కిడ్నీ, ఇది కణితి" అని చూసి ఆర్పదు కదా. 2020లో అమెరికాలో రొమ్ము క్యాన్సర్ రోగుల మీద వచ్చిన ఒక అధ్యయనంలో, కీమోకి ముందూ కీమో జరుగుతున్నప్పుడూ కూడా యాంటీ ఆక్సిడెంట్ సప్లిమెంట్లు వాడినవాళ్లలో జబ్బు తిరగబెట్టడం ఎక్కువగా ఉన్నట్టు కనిపించింది. అదొక్కటే తుది తీర్పు కాదు, వాడినవాళ్ల సంఖ్య చిన్నది. అయినా డబ్బు పెట్టి కొనుక్కునే క్యాప్సూల్ విషయంలో ఆ అనుమానం నాకు చాలు.

ఇంకో లెక్క చూడండి, ఇది ఎవరూ చెప్పరు. ఎలుకకు కిలోకి 200 మి.గ్రా. అంటే మనిషికి కూడా కిలోకి 200 కాదు. శరీర వైశాల్యాన్ని బట్టి మార్చే పద్ధతిలో సుమారు 6.2తో భాగించాలి, అంటే కిలోకి 32 మి.గ్రా. 60 కిలోల మనిషికి దాదాపు 2 గ్రాముల ఎక్స్‌ట్రాక్ట్, రోజూ. వంద గ్రాముల ఎండు పొడికి పది గ్రాముల ముద్ద వచ్చిందనుకుంటే ఆ 2 గ్రాముల కోసం 20 గ్రాముల ఎండాకు కావాలి, పచ్చాకైతే గుప్పెళ్ల కొద్దీ. పైగా అది ఆల్కహాల్‌లో దిగిన సారం, మీరు ఇంట్లో కాచేది నీళ్లలో. రెండింట్లో దిగే పదార్థాలు వేరు. అంటే పేపర్లో ఉన్నది మీ గ్లాసులో లేదు, మీ గ్లాసులో ఉన్నదాన్ని ఎవరూ పరీక్షించలేదు. సుగంధి వేరు, నేల ఉసిరి, తిప్పతీగ, మునగాకు, కలబంద, మన చుట్టూ ఉన్న మొక్కల్లో ఎలుకల దాకా వెళ్లనిది వెతికినా దొరకదు.

మనుషుల దాకా వచ్చినవి లేకపోలేదు. సిలిమారిన్ అని, మిల్క్ థిసిల్ గింజల నుంచి తీసేది, లివర్ మాత్రల్లో ఉంటుంది. రక్త క్యాన్సర్ ఉన్న 50 మంది పిల్లల మీద చేసిన చిన్న ట్రయల్ 2010లో అచ్చయింది. లివర్ ఎంజైము ఒకటి కాస్త తగ్గింది. ఇలాంటి మాత్ర డాక్టరే రాస్తే వేసుకోండి. మీ అంతట మీరు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకోవద్దు.

"ఆకే గదా" అనేవాళ్లకు బిళ్ళగన్నేరు కథ చెప్పండి

గులాబీ రంగు పూలతో ప్రతి కాంపౌండ్ గోడ పక్కనా ఉండే బిళ్ళగన్నేరే విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ అనే కీమో మందులకు తల్లి. 1950లలో కెనడాలో ఈ ఆకు షుగర్‌కి పనికొస్తుందేమోనని ఎలుకలకు ఇచ్చి చూశారు. షుగర్ సంగతి అటుంచి, ఎలుకల్లో తెల్ల రక్తకణాలు పడిపోయాయి. అలా దొరికింది విన్‌బ్లాస్టిన్. పాక్లిటాక్సెల్ కూడా ఒక చెట్టు బెరడు నుంచే వచ్చింది, ఐరినోటెకాన్, ఎటోపొసైడ్‌ల మూలాలూ మొక్కలే. మొక్క నుంచి వచ్చింది కాబట్టి సైడ్ ఎఫెక్ట్ ఉండదనే వాదన ఇక్కడితో సరి. షుగర్‌కని రోజూ పొద్దున బిళ్ళగన్నేరు ఆకు నమిలేవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. కీమోలో ఉన్నవాళ్లయితే ఈ రోజే ఆపేయాలి, కౌంట్లు (రక్తకణాల సంఖ్య) ఎందుకు పడిపోతున్నాయో డాక్టరు తల పట్టుకునే పరిస్థితి తేవద్దు.

సీసా చేతికొచ్చినప్పుడు

చుట్టాన్ని నొప్పించకుండా సీసా తీసుకోండి, వాదన పెట్టుకోవద్దు. "డాక్టర్ని అడిగి మొదలుపెడతాం పెద్దమ్మా" అంటే ఎవరూ కాదనరు. తర్వాత తీరిగ్గా చూడండి. లేబుల్ లేకపోతే అక్కడితో అయిపోయింది, పక్కన పెట్టేయండి. లేబుల్ ఉంటే దాని మీద భస్మం, రసం, సింధూరం లాంటి పేర్లున్నాయేమో చూడండి. పాదరసం, సీసం, ఆర్సెనిక్ ఉండే అవకాశం వీటిలోనే ఎక్కువ. 2008లో అమెరికా వైద్య పత్రికలో వచ్చిన పరీక్షలో ఆన్‌లైన్‌లో కొన్న ఆయుర్వేద ఉత్పత్తుల్లో దాదాపు ఐదో వంతులో ఈ లోహాలు బయటపడ్డాయి. సిస్‌ప్లాటిన్ పడుతున్న కిడ్నీకి ఆ బరువు కూడా ఎందుకు?

కొండ మూలికలని రోడ్డు పక్కన గోనెపట్టా పరిచి వేర్లు అమ్మేవాళ్ల దగ్గర అసలు కొనకండి. వాళ్లు మోసగాళ్లని కాదు, ఎండిపోయిన వేరును చూసి మొక్కను గుర్తుపట్టడం మాకే కష్టం, కోసి మైక్రోస్కోప్ కింద పెట్టాల్సి వస్తుంది. ఈశ్వరి వేరు, గాడిదగడపాకు అని రెండున్నాయి, పాముకాటుకనీ నులిపురుగులకనీ పాతకాలం నుంచి వాడుకలో ఉన్నవి. రెండింట్లోనూ అరిస్టలోకిక్ యాసిడ్ ఉంటుంది. అది కిడ్నీలను పాడు చేస్తుంది, మూత్రనాళాల్లో క్యాన్సర్‌నూ తెస్తుందని తేలిపోయిన విషం. క్యాన్సర్‌కి మందని నూరిచ్చే పొడుల్లో ఏ వేరు కలిసిందో మీకెలా తెలుస్తుంది?

వంటింటి మోతాదు వేరు, మందు మోతాదు వేరు

ఇక్కడ అనవసరంగా టెన్షన్ పడేవాళ్లూ ఉన్నారు, పప్పులో పసుపు కూడా మానేస్తారు. అక్కర్లేదు. కూరలో చిటికెడు పసుపు, చారులో మిరియాలు, పోపులో వెల్లుల్లి, మునగాకు వేపుడు, ఉసిరికాయ పప్పు, ఇవన్నీ తిండి. తినగలిగితే అదృష్టమే, ఎందుకంటే కీమోలో అసలు సమస్య నోటికి ఏదీ రుచించకపోవడం. తులసి తీర్థం ఒక ఉద్ధరిణెడు తీసుకుంటే మందుకేమీ అడ్డురాదు, కౌంట్లు తక్కువున్న వారంలో మాత్రం అదీ వద్దు.

అదే పసుపు క్యాప్సూల్‌గా మారితే కథ వేరు. పసుపులో పని చేసే కర్క్యుమిన్ మామూలుగా రక్తంలోకి సరిగ్గా ఎక్కదు, అందుకని కంపెనీలు మిరియాల్లోని పైపెరిన్ కలుపుతాయి. పైపెరిన్‌తో కర్క్యుమిన్ ఇరవై రెట్లు ఎక్కువగా ఎక్కుతుందని 1998లో బెంగళూరులో చేసిన పని చూపించింది, ఇప్పటికీ అమ్మేవాళ్లంతా చెప్పుకునేది దాన్నే. అయితే పైపెరిన్ కర్క్యుమిన్‌కి మాత్రమే తలుపు తీయదు, లివర్‌లో మందులను విరిచే ఎంజైముల పనిని నెమ్మది చేస్తుంది, అంటే మీ కీమో మందు మోతాదు కూడా అటూ ఇటూ అవ్వచ్చు. రొమ్ము క్యాన్సర్‌కి కీమో తర్వాత ఏళ్ల తరబడి వేసే టామాక్సిఫెన్ మాత్ర విషయంలో ఇది పరీక్షించి చూశారు. కర్క్యుమిన్‌తో కలిపి వేసుకుంటే రక్తంలో పనిచేసే మందు స్థాయి తగ్గింది, పైపెరిన్ కలిస్తే ఇంకా తగ్గింది. 2019 నాటి మాట ఇది. ఇంగ్లీషు మాత్రా వేసుకుంటూ, పసుపు మాత్రా వేసుకుంటూ, రెండూ మంచివే కదా అనుకునేవాళ్లు మన చుట్టూ ఎంతమందో.

గ్రీన్ టీ కూడా అంతే. మల్టిపుల్ మైలోమా అనే ఎముక మజ్జ క్యాన్సర్‌కి వేసే బోర్టెజోమిబ్ అనే ఇంజెక్షన్‌ను గ్రీన్ టీలోని ఈజీసీజీ అనే పదార్థం నేరుగా పట్టుకుని పనిచేయనివ్వదని 2009లో ల్యాబ్‌లోనూ ఎలుకల్లోనూ చూశారు. ఆ మందు మీద ఉన్నవాళ్లు గ్రీన్ టీ పొడులు, క్యాప్సూళ్లు పూర్తిగా మానాలి. పంపరపనస, గ్రేప్‌ఫ్రూట్ తింటే కొన్ని మందులు రక్తంలో పెరిగిపోతాయి, ముఖ్యంగా ఇమాటినిబ్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్లు డాక్టర్ని అడగాలి. నిద్రకని, దిగులుకని ఆన్‌లైన్‌లో దొరికే సెయింట్ జాన్స్ వోర్ట్ అనే మూలిక దీనికి తలకిందులు, ఐరినోటెకాన్ పనిచేసే రూపాన్ని రక్తంలో బాగా తగ్గించేస్తుంది. కాపెసిటాబిన్ మాత్ర వేసుకునేవాళ్లు ఫోలిక్ యాసిడ్ కలిసిన మల్టీవిటమిన్లు అడగకుండా వేసుకోవద్దు, నోటిపూత, విరేచనాలు ఎక్కువవుతాయి.

తిప్పతీగ గురించి కొంచెం నిలబడి చెప్పాలి, ఎందుకంటే కరోనా తర్వాత అది ప్రతి ఇంటి గోడ ఎక్కింది. 2021లో ముంబై డాక్టర్లు తిప్పతీగ వాడినవాళ్లలో లివర్ దెబ్బతిన్న కేసులు రాశారు, ఆయుష్ శాఖ దాన్ని ఒప్పుకోలేదు, వాదన నడిచింది. ఎవరిది రైటన్నది పక్కన పెట్టండి. కీమోలో ఉన్నవాళ్ల లివర్ ఎంజైములు పెరిగితే అది మందు వల్లా, జబ్బు లివర్‌కి పాకడం వల్లా, తిప్పతీగ వల్లా అన్నది ఎవరూ తేల్చలేరు. తేలేదాకా డాక్టరు తర్వాతి సైకిల్ వాయిదా వేస్తాడు, లేదా మోతాదు తగ్గిస్తాడు. కాపాడుతుందని తాగిన కషాయం వల్ల జరిగే నష్టం చాలాసార్లు ఇలా ఉంటుంది, విషంలా కాదు, ఆలస్యంలా. అశ్వగంధ చూర్ణానికీ ఇదే మాట. పైగా రోగనిరోధక శక్తిని పెంచుతాయని చెప్పే ఈ మందులు లింఫోమా, లుకేమియా లాంటి రక్త క్యాన్సర్లు ఉన్నవాళ్లకు మంచివన్న ఆధారం లేదు.

మరి నిజంగా కాపాడేవి ఏవి?

సిస్‌ప్లాటిన్ నుంచి కిడ్నీని కాపాడేది నీళ్లు. ఆ మందుకు ముందూ తర్వాతా గంటల కొద్దీ సెలైన్ ఎక్కించేది, అందులో మెగ్నీషియం కలిపేది అందుకే. "ఇంకా ఎంతసేపు, బస్సు పోతుంది" అని నర్సును తొందరపెట్టకండి. ఇంటికొచ్చాక కూడా రెండు మూడు రోజులు బాగా నీళ్లు తాగాలి, గుండె జబ్బున్నవాళ్లు ఎంత తాగాలో ముందే అడిగి పెట్టుకోవాలి. ఒళ్లునొప్పులకని డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మాత్రలు సొంతంగా వేసుకోవద్దు, ఏ వేరూ కాపాడలేని దెబ్బ అవి కొడతాయి. మజ్జిగ, రాగి జావ, కొబ్బరి నీళ్లు లెక్కలోకొస్తాయి, కాకపోతే పొటాషియం ఎక్కువుందని డాక్టరు చెప్పినవాళ్లు కొబ్బరి నీళ్లు ఆపాలి.

సైక్లోఫాస్ఫమైడ్ పడిన రోజు కూడా నీళ్లే. మూత్రం ఆపుకోకుండా తరచూ వెళ్లాలి, రాత్రి పడుకునే ముందు తప్పకుండా. ఎక్కువ మోతాదైతే వాళ్లే మూత్రాశయాన్ని కాపాడే మెస్నా అనే మందు ఇస్తారు. డాక్సోరుబిసిన్‌కి ఎకో (గుండె స్కాన్) తీయించుకోవడమే కాపలా, జీవితం మొత్తానికి ఇంతే ఇవ్వాలని దానికో హద్దుంది. వేరే ఆసుపత్రిలో అంతకుముందు ఎప్పుడైనా ఎక్కించి ఉంటే ఆ కాగితం తప్పకుండా చూపించాలి. ఆ మందు పడ్డాక ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తుంది, అది రక్తం కాదు, మందు రంగు.

వికారానికి మాత్రం మన శొంఠికి కాస్త పేరుంది. 2012లో అచ్చయిన అమెరికా ట్రయల్‌లో 576 మంది మీద చూశారు. రోజుకు అర గ్రాము నుంచి గ్రాము దాకా అల్లం క్యాప్సూళ్లు, కీమోకి మూడు రోజుల ముందు నుంచీ, మామూలు వాంతుల మాత్రలతో పాటే ఇస్తే మొదటి రోజు వికారం తీవ్రత తగ్గింది. "పాటే" అన్న మాట గుర్తుపెట్టుకోండి, ఆన్‌డాన్‌సెట్రాన్ మానేసి శొంఠి తాగమని కాదు. అర గ్రాము అంటే పావు టీస్పూను శొంఠి పొడి. పల్చటి మజ్జిగలోనో, గోరువెచ్చటి నీళ్లలో కాస్త బెల్లంతోనో తీసుకోవచ్చు. కడుపులో మంట ఉంటే, ప్లేట్‌లెట్లు తక్కువుంటే, రక్తం పల్చబడే మందులు వాడుతుంటే వద్దు. దీనికన్నా ఎక్కువ పనిచేసేది, రెండో సైకిల్‌కి వెళ్లినప్పుడు "పోయినసారి మూడో రోజు దాకా వాంతులయ్యాయి" అని నోరు తెరిచి చెప్పడం. వాంతులాపే ఓలాంజపిన్ లాంటివి కలిపితే తేడా తెలుస్తుంది, చెప్పకపోతే పాత చీటీయే మళ్లీ రాస్తారు.

నోటిపూతకు లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఒక టీస్పూను ఉప్పు, ఒక టీస్పూను వంట సోడా వేసి రోజుకు నాలుగైదు సార్లు పుక్కిలించండి, మింగొద్దు. లవంగ నూనె, వేప పుల్ల, ఘాటు మౌత్‌వాష్ దగ్గరికి రానివ్వొద్దు. ఫైవ్ ఎఫ్‌యూ అనే మందు ఒక్కసారిగా ఇంజెక్షన్‌గా ఇచ్చేటప్పుడు అరగంట పాటు ఐసు ముక్కలు చప్పరిస్తే నోటిపూత తగ్గుతుంది, ఇది బాగా రుజువైన చిట్కా. కానీ అదే రోజు ఆక్సాలిప్లాటిన్ కూడా ఉంటే ఐసు వద్దే వద్దు, ఆ మందుకు చల్లదనం తగిలితే గొంతూ వేళ్లూ జివ్వుమని పట్టేస్తాయి. చూశారా, ఒట్టి ఐసు ముక్కకే మందు పేరు తెలియాల్సి వచ్చింది.

విరేచనాలవుతుంటే కలబంద రసం, త్రిఫల, ఏ "డీటాక్స్" పొడి ఉన్నా తక్షణం ఆపండి, అవే విరేచనకారులు. ఓఆర్ఎస్, గంజి, పెరుగన్నం, డాక్టరు చెప్పిన మోతాదులో విరేచనాలాపే లోపెరమైడ్ మాత్ర, ఇవి చాలు.

తిమ్మిర్లకు మొక్కలోనూ మాత్రలోనూ నమ్మకంగా చెప్పదగ్గ రక్షణ ఏదీ లేదు. నరాల బలానికని అమ్మే ఎసిటైల్ కార్నిటైన్‌ను పాక్లిటాక్సెల్, డోసిటాక్సెల్ లాంటి టాక్సేన్ మందులు తీసుకునేవాళ్లకు ఇచ్చి చూస్తే తిమ్మిర్లు తగ్గకపోగా పెరిగాయని 2013లో బయటపడింది. చొక్కా గుండీ పెట్టుకోవడం కష్టమవుతుంటే, చెప్పు జారిపోయినా తెలియకపోతుంటే డాక్టరుకు చెప్పాలి, మోతాదు మార్చడమే దారి. మొక్కు ఉందని అలిపిరి మెట్లు చెప్పుల్లేకుండా ఎక్కేవాళ్లు ఈ ఒక్కసారికి వాయిదా వేసుకోండి, స్పర్శ లేని పాదానికి ఎండకు కాలిన రాయి కాల్చేసినా తెలియదు, బొబ్బ ఇంటికొచ్చాక కనబడుతుంది. తలనీలాల మొక్కైతే మొదటి సైకిల్‌కి ముందే తీర్చేసుకోండి, కౌంట్లు పడిపోయాక బ్లేడు గాటు మంచిది కాదు.

కౌంట్లు పడిపోయే వారం

చాలా మందులకు కీమో పడిన ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు మధ్యలో తెల్ల కణాలు అట్టడుగుకు చేరతాయి. ఆ రోజుల్లో పచ్చి ఆకు రసమంటే, అందులో ఆకు గుణం సంగతి దేవుడెరుగు, మట్టీ సూక్ష్మజీవులూ ఖాయం. గోధుమ గడ్డి రసం, పచ్చి తులసి, బొప్పాయి ఆకు పిండిన రసం, రోడ్డు మీద చెరకు రసం, బండి మీద నన్నారి షర్బత్ అన్నీ వద్దు. నన్నారిలో చెడ్డదేమీ లేదు, ఆ ఐసు ఎక్కడి నీళ్లతో చేశారో తెలియదు, అంతే. బొప్పాయి ఆకుతో ప్లేట్‌లెట్లు పెరుగుతాయన్న మాట ఎక్కువగా డెంగీ పరీక్షల నుంచి వచ్చింది. డెంగీలో ప్లేట్‌లెట్లు కొన్ని రోజులకు వాటంతటవే పెరుగుతాయి, కీమోలో పడిపోవడానికి కారణం వేరు, మజ్జలోనే ఉత్పత్తి ఆగిపోవడం. అవసరమైతే తెల్ల కణాలకు ఇంజెక్షన్ ఇస్తారు, ప్లేట్‌లెట్లు ఎక్కిస్తారు.

జ్వరం 100.4 ఫారెన్‌హీట్ దాటితే కషాయం కాదు, డోలో కూడా కాదు, అర్ధరాత్రైనా సరే బండి తీయండి. ఇంటికి దగ్గర్లో ఏ పెద్దాసుపత్రి క్యాజువాల్టీ ఉంటే అక్కడికి వెళ్లి "కీమో పేషెంట్, ఫలానా తేదీన పడింది" అని మొదటి వాక్యంలోనే చెప్పండి. మాత్ర వేసి జ్వరం దించుకుని తెల్లవార్లూ చూద్దామనుకోవద్దు, లోపల ఇన్‌ఫెక్షన్ ఆగదు.

డాక్టర్ని ఎలా అడగాలి

ఓపీలో జనం ఎక్కువ, డాక్టరు దగ్గర మీకు దొరికేది కాసేపే. "ఆయుర్వేదం వాడొచ్చా సార్" అంటే "ఏమీ వద్దమ్మా" అని తేల్చేస్తారు, మీరు ఇంటికెళ్లి చాటుగా తాగుతారు. అలా కాకుండా సీసాను సంచిలో తీసుకెళ్లి బల్ల మీద పెట్టి, "ఇది నెల నుంచి తాగుతున్నాడు, ఈ మందుతో పడుతుందా, ఆపితే చాలా, లివర్, కిడ్నీ టెస్టులు మళ్లీ చేయించాలా" అని అడగండి. తిడతారేమోనని దాచొద్దు. తిట్టినా ఫైల్లో రాస్తారు, మీకు కావాల్సింది అదే. కొన్ని ఆసుపత్రుల్లో క్లినికల్ ఫార్మసిస్టు ఉంటారు, వాళ్లకు ఇలాంటివి చూసే ఓపికా పుస్తకమూ రెండూ ఉంటాయి.

ఆయుర్వేదం తప్పకుండా చూపించుకోవాలనుకుంటే తెలియని మనిషి దగ్గరికి కాకుండా, తిరుపతిలో టీటీడీ వాళ్ల ఎస్వీ ఆయుర్వేద ఆసుపత్రి లాంటి చోట చదువుకున్న వైద్యుడి దగ్గరికి కీమో కాగితం పట్టుకుని వెళ్లండి. ఆయనిచ్చిన చీటీని మళ్లీ క్యాన్సర్ డాక్టరుకు చూపించండి. ఇద్దరిలో ఎవరైనా "వాళ్లకు చెప్పొద్దు" అంటే ఆ మనిషి దగ్గరికి మళ్లీ వెళ్లకండి. "కీమో ఆపేయండి, నా మందుతో తగ్గిపోతుంది" అన్నవాడి దగ్గరైతే కూర్చోవడం కూడా దండగ. ఎముకలోకి పాకిన క్యాన్సర్ నొప్పికి కట్టు కట్టించుకోవడానికి వెళ్లేవాళ్లున్నారు, ఆ ఎముక కాల్చిన అప్పడంలా ఉంటుంది, లాగితే విరుగుతుంది.

ఇప్పటికే ఏదైనా తాగి ఒళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులో రావడం, దద్దుర్లు, ఉన్నట్టుండి కాళ్ల వాపు లాంటివి కనిపిస్తే సీసాను పారేయకండి, మిగిలిన మందుతో సహా ఆసుపత్రికి తీసుకెళ్లండి. మందుల వల్ల వచ్చిన ఇబ్బందులు చెప్పుకోవడానికి కేంద్ర ప్రభుత్వ ఫార్మకోవిజిలెన్స్ టోల్‌ఫ్రీ నంబరుంది, 1800 180 3024, మామూలు మనుషులు కూడా చేయొచ్చు.

ఆపరేషన్ ఉన్నా, పోర్ట్ (కీమో ఎక్కించడానికి చర్మం కింద అమర్చే చిన్న పరికరం) పెట్టించుకుంటున్నా కనీసం రెండు వారాల ముందు వెల్లుల్లి క్యాప్సూళ్లు, గింకో, పసుపు మాత్రలు, అల్లం మాత్రలు అన్నీ ఆపాలి, రక్తం గడ్డకట్టడానికి అడ్డొస్తాయి. కూరలో వెల్లుల్లికి ఈ రూలు లేదు.

ఇక ఆఖరి సైకిల్ అయిపోయాక కషాయం మొదలుపెట్టొచ్చా అని అడుగుతారు. వెంటనే కాదు. కౌంట్లు, క్రియాటినిన్, లివర్ టెస్టులు మామూలుకొచ్చాయని కాగితం చూసుకున్నాక, ఒక్కొక్కటిగా, డాక్టరుకు చెప్పి. టామాక్సిఫెన్, లెట్రోజోల్, ఇమాటినిబ్ లాంటి మాత్రలు ఇంకా నడుస్తుంటే మీకు చికిత్స అయిపోనట్టే, పైన చెప్పినవన్నీ అప్పటికీ వర్తిస్తాయి.